మేడ మీద డప్పు

దిల్‌సుఖ్‌నగర్ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది రద్దీ. గురువారం సాయిబాబా గుడి దగ్గర జనం, డిపో ముందు సిటీ బస్సుల వరస, గోడల నిండా కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటి వెనక సందుల్లో హాస్టళ్లు. తలెత్తితే మెట్రో, దించితే తోపుడు బండి. అక్కడ ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నిలబడండి. ‘ఏదైనా వందే, ఏది తీసుకున్నా వందే’ అంటూ చిన్న స్పీకర్లో పెట్టిన గొంతు అలుపు లేకుండా అరుస్తుంటుంది. దాని మీద ఆటో హారన్. హారన్ మీద బస్సు బ్రేకు. అన్నింటి మీదా పైన మెట్రో వెళ్తున్న ఉరుము. ఎవరి గొంతు వినబడాలంటే వాళ్లు పక్కవాడి కంటే గట్టిగా అరవాల్సిందే. ఇక్కడి రూలు అదే.

ఇంత మోతలో పాటలు రికార్డు చేస్తారంటే నమ్మబుద్ధి కాదు. కానీ చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ కాలనీల్లో మూడో అంతస్తులోనో నాలుగో అంతస్తులోనో చిన్న చిన్న స్టూడియోలు ఉన్నాయి. చాలావాటికి బోర్డు కూడా కనబడదు. చెప్పులు విప్పి లోపలికి వెళితే గోడలకి నల్లటి ఫోమ్, తలుపుకి మందపాటి దుప్పటి, ఒక కంప్యూటరు, రెండు స్పీకర్లు, ఒక ఏసీ. పాట మొదలయ్యే ముందు ఆ ఏసీ కూడా ఆపేస్తారు. మనం యూట్యూబ్‌లో వినే జానపద పాటల్లో కొన్ని ఇలాంటి గదుల్లోంచి వచ్చినవే.

స్టూడియోలు ఇటువైపు రావడానికి కారణం వెతకనక్కర్లేదు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి వచ్చే విజయవాడ హైవే ఎల్బీనగర్‌లోనే ఊళ్లోకి దిగుతుంది. నాగార్జునసాగర్ నుంచి వచ్చే రోడ్డూ దగ్గర్లోనే కలుస్తుంది. పాడేవాళ్లు బస్సు దిగేది ఇక్కడ. వాళ్ల చుట్టాలు అద్దెకుండేదీ ఇక్కడే. డప్పు భుజాన వేసుకుని ఇంకో రెండు బస్సులు మారి జూబ్లీహిల్స్ దాకా పోవడం ఎందుకు?

ఆరుబయట పుట్టిన వాద్యం

అసలు చిక్కు ఆ డప్పుతోనే మొదలవుతుంది.

డప్పు గదిలో వాయించడానికి పుట్టింది కాదు. గుండ్రటి చెక్క చట్రం, దానికి బిగించిన మేకతోలు. కుడిచేతిలో లావుపాటి చిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. వాయించే ముందు మంట దగ్గర కాచి తోలు బిగిసేలా చేస్తారు. ఊళ్లో దండోరా వేయాలన్నా, జాతరకి కదలాలన్నా, చావు కబురు తెలపాలన్నా డప్పే. ఊరి ఈ చివర కొడితే ఆ చివర వినబడాలి. మైకు లేని కాలంలో అదే మైకు. అలాంటి వాద్యాన్ని పది అడుగుల గదిలోకి తెచ్చి, పక్కనే ముసలి గొంతుతో పాడే మనిషిని నిలబెట్టి, ఇద్దరినీ ఒకేసారి రికార్డు చేయాలంటే ఏమవుతుందో ఊహించండి.

సినిమా పాటకి ఈ బాధ తక్కువ. ముందు తాళం, తర్వాత మిగతా వాద్యాలు, చివరికి గొంతు. ఎవరి భాగం వాళ్లు విడిగా వాయించి, పాడి వెళ్లిపోతారు. జానపదంలో అందరికీ అది కుదరదు. నేను చూసిన ఒక రికార్డింగ్‌లో పాడడానికి వచ్చినాయనకి డెబ్బై దాటాయి. నల్లగొండ వైపు పల్లె. వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న పాట. ఊళ్లో అది మొత్తం వచ్చినవాళ్లు ఇంకెవరూ మిగల్లేదట. హెడ్‌ఫోన్స్ పెట్టి, ముందే రికార్డు చేసిన తాళం మీద పాడమంటే రెండు చరణాలు కూడా సాగలేదు. ఆయన హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టేశాడు.

‘డప్పు పక్కకుండి మోగకపోతే నాకు పాట యాదికి రాదు బిడ్డా’ అన్నాడు.

సౌండ్ ఇంజనీరు కుర్రాడు వాదించలేదు. ‘సరే తాతా, మీ ఊళ్లె ఎట్ల పాడుతరో అట్లనే పాడుండ్రి’ అన్నాడు. డప్పు వాయించే మనవడు కింద పార్కింగ్‌లో నాలుగు కాగితాలు మంటేసి తోలు కాచుకొచ్చాడు. అప్పటికి రాత్రి పదకొండు దాటింది. మెట్రో ఆగిపోయింది. ఆ రాత్రి ఆయన ఓపికకి ఒకసారి, మహా అయితే రెండోసారి పాడగలడు. ఆ పాటని పాడుచేయకుండా పట్టుకోవడమే ఇక మిగిలిన పని.

ఎర్ర గీత

ఇంజనీర్లు ‘పీక్’ అనేది వేరే ఏమీ కాదు, ఆ చిర్ర దెబ్బే. పాట మొత్తంలో కొన్ని మిల్లీసెకన్లు మాత్రమే ఉండి, మిగతా అన్నింటికంటే ఎత్తుకి ఎగిరే శబ్దం. గొంతు ఒక చెరువులా నిండుగా, నిదానంగా ఉంటుంది. డప్పు దెబ్బ మెరుపులా వచ్చి పోతుంది. కొలిచే మీటర్లో రెండింటికీ మధ్య ఎంతో తేడా.

డిజిటల్ రికార్డింగ్‌కి ఒక పైకప్పు ఉంటుంది. మీటర్లో దాన్ని 0 అంటారు. గొంతూ డప్పూ అన్నీ దానికి కింద, మైనస్ అంకెల్లో ఉండాలి. దెబ్బ ఆ సున్నాని దాటబోతే పైభాగాన్ని కత్తెరతో కోసినట్టు కోసేస్తుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. చెవికి అది ‘టప్’ అని పగిలినట్టు, రేకు మీద రాయి పడ్డట్టు వినబడుతుంది. మామూలుగా రికార్డు చేసినప్పుడు అలా తెగిన భాగం ఎక్కడా దాక్కుని ఉండదు. తర్వాత ఎంత తగ్గించినా తెగింది తెగినట్టే తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్ ఊహించి అతుకు వేయగలదు, అంతే.

అందుకే ఆ కుర్రాడు ముందు పాట ఎత్తుకోమనలేదు. డప్పు వాయించే అబ్బాయితో ‘తమ్మీ, జాతరల కొట్టినట్టు నీ బలం కొద్దీ ఒక్కసారి కొట్టు’ అన్నాడు. ఆ దెబ్బకి మీటరు మైనస్ 10 దగ్గర ఆగేలా మైకు స్థాయి తగ్గించుకున్నాడు. పాట ఊపులో పడ్డాక దెబ్బ ఇంకా పెరుగుతుందని అతనికి తెలుసు. ఇప్పటి 24 బిట్ రికార్డింగ్‌లో కొంచెం తక్కువగా పట్టుకుంటే వచ్చే నష్టం దాదాపు లేదు. తర్వాత పెంచుకోవచ్చు. తెగిపోయినదాన్ని మాత్రం తెచ్చుకోలేం.

ముందు మనుషులు, తర్వాత మిషన్లు

మిక్సింగ్ అంటే కంప్యూటర్లో చేసే పని అని మనం అనుకుంటాం. ఆ రాత్రి సగం మిక్సింగ్ చాప జరపడంతోనే అయిపోయింది.

ధ్వనికి ఒక లెక్క ఉంది. దూరం రెండింతలైతే నేరుగా వచ్చే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. డప్పు పాటగాడి మైకుకి మూడు అడుగుల దూరంలో ఉన్నప్పటి కంటే పన్నెండు అడుగుల దూరంలో ఉంటే 12 డెసిబెల్స్ తగ్గాలి. చిన్న గదిలో గోడలు తిప్పికొడతాయి కాబట్టి అంత పూర్తిగా తగ్గదు. అయినా తగ్గినకాడికి లాభమే. కుర్రాడు మనవణ్ణి గది మూలకి, తెరిచి ఉన్న తలుపు దాకా జరిపాడు. తాతగారి మైకు ఆయన మూతికి జానెడు దూరంలో పెట్టాడు. పాడేవాళ్లకి వాడే చాలా మైకులు ముందువైపు బాగా వింటాయి, వెనకవైపు తక్కువ వింటాయి. అందుకని మైకు వీపు సరిగ్గా డప్పు వైపు ఉండేలా తిప్పాడు. దాంతో తాతా మనవడూ ఎదురెదురయ్యారు. ఒకరి మొహం ఒకరికి కనబడుతోంది. ఊళ్లో కూడా వాళ్లు అలాగే నిలబడతారట.

ఇది కొత్త విద్యేం కాదు. గ్రామఫోన్ తొలి రోజుల్లో కరెంటు మైకులే లేవు. ఒక పెద్ద కొమ్ములోకి పాడితే ఆ అదురుకి సూది మైనం మీద గీత గీసేది. 1925లో ఎలక్ట్రికల్ రికార్డింగ్ వచ్చేదాకా అంతే. అప్పుడు మిక్సింగ్ అంటే నిలబడే చోటే. గట్టి వాద్యాలు వెనక్కి, మెత్తటి వాద్యాలు ముందుకి. పాడేవాళ్లు పైస్థాయి వచ్చినప్పుడు కొమ్ము నుంచి తల వెనక్కి తీసేవాళ్లు. ఇప్పటికీ అనుభవం ఉన్న పాటగాళ్లు మైకు ముందు అదే చేస్తారు.

నీరటికాడు చేసే పని

మర్నాడు కంప్యూటరు ముందు కూర్చున్నాక రెండో సగం మొదలైంది. ఎంత జరిపినా డప్పు తాతగారి మైకులో పడకుండా ఉండదు. లైవ్ రికార్డింగ్‌లో అసలు తలనొప్పి ఇదే. గొంతు వినబడట్లేదని గొంతు ట్రాక్ పెంచితే అందులో ఉన్న డప్పు కూడా లేస్తుంది. డప్పు ఎక్కువైందని డప్పు ట్రాక్ తగ్గిస్తే, దగ్గరి డప్పు పోయి, గొంతు మైకులో పడిన దూరపు డప్పు బావిలోంచి వచ్చినట్టు మిగులుతుంది.

ఇక్కడ వాడే పనిముట్ల పేర్లు కంప్రెసర్, లిమిటర్. పేర్లు కొత్తగా ఉన్నా మనకి తెలిసిన పనే. తెలంగాణ పల్లెల్లో చెరువుకి నీరటికాడు ఉండేవాడు. నీటిమట్టం చూసుకుంటూ తూము ఎంత తెరవాలో, ఎప్పుడు మూయాలో అతనిదే బాధ్యత. కంప్రెసర్ అలాంటి నీరటికాడు. శబ్దం మనం గీసిన గీత దాటగానే తగ్గిస్తాడు, దిగగానే వదిలేస్తాడు. ఎంత తగ్గించాలో కూడా మనమే చెబుతాం. 3కి 1 అని పెడితే, గీత కంటే 6 డెసిబెల్స్ పైకి వచ్చిన దెబ్బ 2 డెసిబెల్స్ పైకి మాత్రమే వెళుతుంది.

అసలు మెలకువ అతను ఎంత వేగంగా పరిగెత్తాలి అన్నదాంట్లో ఉంది. మరీ వేగం పెడితే, ఒక మిల్లీసెకనులోనే చేరుకుంటే, చిర్ర తోలుని తాకిన మొదటి క్షణమే అణిగిపోతుంది. డప్పు మోగదు, అట్టపెట్టె మీద కొట్టినట్టు ఉంటుంది. ఇరవై ముప్పై మిల్లీసెకన్లు ఆలస్యంగా పెడితే దెబ్బ దాటిపోతుంది, వెనక వచ్చే మోత మాత్రమే తగ్గుతుంది. అప్పుడు డప్పు ఇంకా పదునుగా వినబడుతుంది కానీ ఎత్తైన దెబ్బ ఎత్తులోనే ఉంటుంది.

లిమిటర్ చెరువు కట్ట లాంటిది. దాన్ని దాటి ఏదీ పోకూడదు. అలాగని నీళ్లన్నీ కట్ట మీదకే తోస్తే? సరూర్‌నగర్ చెరువు ఇక్కడికి దగ్గరే కదా. 2020 అక్టోబరు వానలకి ఆ చెరువు పొంగి కోదండరాంనగర్ లాంటి కాలనీల్లోకి నీళ్లు వచ్చిన సంగతి ఇక్కడివాళ్లు మర్చిపోలేదు. నీటికి దారి ముందే వదలాలి. కట్ట ఆఖరి కాపలా మాత్రమే. లిమిటర్ కూడా అంతే. చివర్లో ఒకటి రెండు డెసిబెల్స్ ఆపితే మంచిది. పది డెసిబెల్స్ దాని నెత్తినే వేస్తే పాట మొత్తం నలిగిపోతుంది.

మరి ఆ కుర్రాడు ఏం చేశాడు? ఏ మిషనూ పెట్టకముందు, మౌస్ పట్టుకుని పాటని వాక్యం వాక్యంగా విన్నాడు. మాట మీద పడిన దెబ్బని విడిగా పట్టుకుని రెండు మూడు డెసిబెల్స్ దించాడు. గొంతు ట్రాక్‌లోనూ అదే దెబ్బని వెతికి దించాడు. ఇది చేయకుండా గొంతుకి కంప్రెసర్ పెడితే, డప్పు మోగినప్పుడల్లా నీరటికాడు డప్పుని చూసి గొంతుని నొక్కేస్తాడు. గొంతు అలల మీద పడవలా ఊగుతుంది. చేత్తో దించాక అలా జరగదు. ఆ తర్వాతే మెల్లగా ఒక కంప్రెసర్, చివర్లో తేలికగా లిమిటర్. మాట లేని చోట, చరణానికీ చరణానికీ మధ్య డప్పు ఒక్కటే మోగే చోట, దెబ్బని ముట్టుకోనే లేదు. ఆరు నిమిషాల పాటకి సాయంత్రమంతా పట్టింది.

‘అక్కడ కూడా దించొచ్చు కదా, సమానంగా ఉంటుంది’ అన్నాను.

‘సమానంగా ఉంటే డప్పెందుకన్నా?’ అన్నాడు.

ఒగ్గు కథ చెప్పే పాఠం

ఆలోచిస్తే ఇవన్నీ మన కళాకారులు చేత్తోనే చేసే పనులు. ఒగ్గు కథ చూసినవాళ్లకి తెలుసు. డోళ్లు, తాళాలు దద్దరిల్లిపోతుంటాయి. ప్రధాన కథకుడు మాట ఎత్తుకోగానే అవి ఒక్కసారిగా కిందికి దిగుతాయి. మాట ముగిసిన చోట మళ్లీ పైకి లేస్తాయి. ఎవరూ సైగ చేయనక్కర్లేదు. బుర్రకథలోనూ అంతే. కథకుడు తంబుర మీటుతూ కథ చెబుతుంటే వంతలు డక్కీల మీద వేళ్లు మెత్తగా ఆడిస్తారు, ‘తందానా’ అనే చోటే గట్టిగా వేస్తారు. వీళ్ల వెనక ఉన్నది ఒకటే సూత్రం. కథ వినబడాలి. వాద్యం కథ కోసం తగ్గాలి, కథ ఆగినప్పుడు వాద్యం తన బలమంతా చూపించాలి.

కాబట్టి మంచి మిక్సింగ్ అంటే డప్పుని అణచడం కాదు. కళాకారులు తమ ఊళ్లో, ఆరుబయట, ఒకరినొకరు చూసుకుంటూ కాపాడుకునే ఆ తూకాన్ని గది పాడుచేస్తే, దాన్ని తిరిగి తెచ్చిపెట్టడం.

చప్పట్లు కూడా పీకే

డప్పొక్కటే కాదు, చప్పట్లు కూడా ఇలాంటివే. సరూర్‌నగర్ స్టేడియంలో 2025 బతుకమ్మ పండుగకి వెయ్యి మందికి పైగా మహిళలు ఒకేసారి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. అంత పెద్ద ఆటని పక్కన పెట్టి, కాలనీలో ఇరవై మంది ఆడే బతుకమ్మనే తీసుకోండి. ఫోనులో రికార్డు చేస్తే పాట ఎక్కడో ఉంటుంది, చప్పట్లు మాత్రం చెవిలో పగులుతుంటాయి. కారణం సులువు. ఫోను పట్టుకున్నవాళ్లు వలయానికి ఆనుకుని నిలబడతారు. తిరుగుతూ వచ్చే ప్రతి జత చేతులూ ఫోను ముందుకొచ్చి చప్పట్లు కొట్టి పోతాయి. నాలుగైదు అడుగులు వెనక్కి వెళితే ఏ ఒక్కరి చప్పట్లూ మీద పడవు, వలయమంతా ఒక్క పాటగా వినబడుతుంది. ఈసారి పండక్కి ప్రయత్నించి చూడండి, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

చౌరస్తాలో

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కి మెట్రోలో మూడు స్టేషన్లు. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఇక్కడిదాకా రైలు మొదలైంది. కింద రోడ్డు మీద నడిస్తే కొత్తపేటలో పాత పండ్ల మార్కెట్ ఉన్న చోటు తగులుతుంది. మామిడి సీజన్లో లారీల హారన్లతో, వేలం కేకలతో హోరెత్తిన చోటు. మార్కెట్ బాటసింగారం వెళ్లిపోయింది. ఆ కేకలు పనిగట్టుకుని ఎవరైనా రికార్డు చేశారో లేదో.

ఎల్బీనగర్ చౌరస్తాలో కాసేపు ఆగాలి. తెలంగాణ కోసం 2009 నవంబరు 29న శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నది ఇక్కడే. డిసెంబరు 3న కన్నుమూశాడు. ఆ రోజుల్లో ధూంధాం వేదికల మీద పాటలు వినని కూడలి లేదు. ఆ పాటల రికార్డింగ్‌లు ఇప్పుడు వింటే చాలావాటిలో గొంతు పగిలిపోయి ఉంటుంది, డప్పు గరగరలాడుతుంది. వేల మందికి వినబడాలని స్పీకర్లని వాటి శక్తికి మించి మోగించిన కాలం. ఆ గరగర కూడా ఆ కాలపు గుర్తే, దాన్ని నున్నగా చేస్తే అబద్ధమవుతుంది. కానీ ఇవాళ ఒక గదిలో, తీరిగ్గా, ఒక ముసలాయన పాటని రికార్డు చేస్తూ దాన్ని పగలగొట్టడానికి మనకి ఏ కారణమూ లేదు.

అయినా గట్టిగా ఉండాలన్న పోటీ ఆగలేదు. పక్క చానల్ పాట కంటే మన పాట గట్టిగా మోగాలని లిమిటర్ని నేలకి తొక్కేవాళ్లు ఉన్నారు. దానివల్ల దక్కేది కూడా తక్కువే. యూట్యూబ్ సుమారు మైనస్ 14 అనే సగటు స్థాయి పెట్టుకుని, దానికంటే గట్టిగా ఉన్న పాటని తనే తగ్గించి వినిపిస్తుంది. నలిపినందుకు పాట గట్టిగా ఉండదు, నలిగినట్టు మాత్రం ఉంటుంది.

తాతగారి పాట పూర్తయ్యాక కుర్రాడు ఫోనులో వేసి ఆయన చేతికిచ్చాడు. పెద్ద స్పీకర్ల మీద వినిపించలేదు, ఊళ్లో వినేవాళ్లు ఫోన్లోనే వింటారు కదా. ఆయన ఫోను చెవికి ఆనించుకుని మొత్తం విన్నాడు. ‘నా మాట తెలుస్తుంది. పోరడు గూడ మంచిగనే కొట్టిండు’ అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. కుర్రాడు మిక్స్ చేసిన పాటతో పాటు, ఏ మార్పూ చేయని అసలు రికార్డింగ్‌ని కూడా వేరే డిస్కులో దాచాడు. రేపు ఇంకా మంచి పనిముట్లు వస్తే, ఇంకా బాగా వినగలిగేవాళ్లు వస్తే, వాళ్లు మళ్లీ మొదటి నుంచి చేసుకోవచ్చని.

మీరు ఎల్బీనగర్ మెట్రో ఎక్కినప్పుడు ఇయర్‌ఫోన్స్‌లో ఒక జానపద పాట పెట్టుకోండి. రైలు మోతలో కూడా మాట అర్థమవుతోందా చూడండి. చరణం ఆగిన చోట డప్పు పడగానే కాలు దానంతటదే కదిలిందా చూడండి. రెండూ జరిగితే, ఈ కింద కాలనీల్లో ఏదో మేడ మీద ఎవరో ఒక సాయంత్రమంతా దెబ్బ దెబ్బనీ విని ఉంటారు.